మెగా మ్యాన్ పవర్ బ్యాటిల్‌లో లెవెల్సే లేవా?

నైట్‌ప్లేయర్: మెగా మ్యాన్ అంటే దూకుతూ, ముళ్లు తప్పించుకుంటూ పోవాలి కదా, ఈ 1995 ఆర్కేడ్ గేమ్‌లో నేరుగా బాస్ (పెద్ద విలన్ రోబో) ముందు నిలబెట్టేశారు. ఇంతేనా బ్రో?

పాతజాయ్‌స్టిక్: ఇంతే. కాయిన్ వేసినవాడు వెంటనే కొట్లాటలో పడాలి మరి. బాస్ పోయాక వాడి ఆయుధం మన చేతికొస్తుంది, అది తర్వాత ఏ బాస్‌కి గట్టిగా తగులుతుందో చూసుకుని వాడాలి, ఊరికే బస్టర్ (మెగా మ్యాన్ చేతికి మొదటి నుంచీ ఉండే గన్) కొడుతూ కూర్చుంటే అయిపోతావ్.

రెడ్‌స్కార్ఫ్: ఒక్కడివే ఆడకు, బోర్. ఇద్దరు కలిస్తేనే మజా (నాకు ప్రోటో మ్యాన్ క్యారెక్టర్ కావాలి, అది ఫిక్స్). 1996లో వచ్చిన దీని సీక్వెల్ పవర్ ఫైటర్స్ నా లెక్కలో ఇంకా బెటర్, అందులో ఆడటానికి డ్యువో అనే క్యారెక్టర్ కూడా ఉన్నాడు.

నైట్‌ప్లేయర్: అదెక్కడ దొరుకుతుంది?

పాతజాయ్‌స్టిక్: క్యాప్‌కామ్ ఆర్కేడ్ సెకండ్ స్టేడియం అనే పాత ఆర్కేడ్ గేమ్‌ల కలెక్షన్‌లో రెండూ ఉన్నాయి.