ప్రేక్షకులు లేని ఆ రెండేళ్లు హాకీకి మేలు చేశాయా, కీడు చేశాయా?

కీపర్ ప్యాడ్లు:
2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిన రోజు ఇక్కడ ఒకరు ఇలా రాశారు: "కరోనా వచ్చి హాకీని చంపేసింది. గేట్లు మూశారు, పత్రికలు మరిచిపోయాయి." ఆ మాట నాకు రెండు రోజులుగా గుచ్చుకుంటోంది. అందుకే వేరుగా చర్చ మొదలుపెడుతున్నాను.

నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2021 ఆగస్టు 5, మన ఉదయం ఏడు గంటలు. టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం ఆట, ఓయీ స్టేడియంలో కుర్చీలన్నీ ఖాళీ. మనవాళ్లు జర్మనీకి 1-3తో వెనకబడి, 5-4తో గెలిచారు. 1980 మాస్కో తర్వాత 41 ఏళ్లకు ఒలింపిక్ పతకం వచ్చింది. అంతకు మూడు రోజుల ముందు అమ్మాయిలు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. సోనీ టెన్ 4లో తెలుగు వ్యాఖ్యానం వచ్చింది. హాకీ కర్ర ఎటు పట్టుకోవాలో తెలియని మా అత్తగారు "పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటమ్మా" అని అడిగింది ఆ వారంలోనే. పతకం వచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీ నిండా హాకీ. జనం స్టేడియానికి వెళ్లలేకపోయినందుకే ఆట జనం ఇళ్లకు వచ్చిందని నేను నమ్ముతున్నాను. మీరేమంటారు?

రూర్కెలా తెలుగు:
అమ్మా, మీరు టీవీ గురించి చెప్పారు. నేను గేటు గురించి చెబుతాను. మా నాన్నగారు రూర్కెలా ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈ ప్రాంతంలో పిల్లలు నడక నేర్చిన మరునాటి నుంచి కర్ర పడతారు. మా అబ్బాయికి 2021లో పదమూడేళ్లు. నవంబరు 24 నుంచి డిసెంబరు 5 వరకు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో జూనియర్ ప్రపంచ కప్ జరిగింది. 2016లో లక్నోలో గెలిచిన మన జట్టు ఆ కప్పును నిలబెట్టుకోవలసిన టోర్నీ అది. వాడిని తీసుకెళ్తానని మాట ఇచ్చాను. ప్రేక్షకులకు ప్రవేశం లేదన్నారు.

సరే అనుకున్నాను. కానీ నవంబరు 25న కాన్పూరులో న్యూజిలాండ్‌తో క్రికెట్ టెస్టు మొదలైంది. అక్కడ జనం కూర్చుని చూశారు, టీవీలో అందరం చూశాం. ఒకే దేశం, ఒకే వైరస్, ఒకే వారం. క్రికెట్ చూసేవాడికి అంటని రోగం హాకీ చూసేవాడికి అంటుతుందా? ఎవరైనా జవాబు చెప్పండి.

ఎడమ వింగ్:
కాన్పూరు ఉత్తర్‌ప్రదేశ్‌లో ఉంది, భువనేశ్వర్ ఒడిశాలో ఉంది. ఏ రాష్ట్రం నిబంధనలు దానివి.

రూర్కెలా తెలుగు:
అది నాకూ తెలుసు. వైరస్‌కు రాష్ట్ర సరిహద్దు తెలుసా అన్నది నా ప్రశ్న.

పాత విలేఖరి:
కీపర్ ప్యాడ్లు గారు మొదటి పేజీ గురించి రాశారు కాబట్టి ఆ పేజీ వెనక జరిగింది చెప్పాలి. నేను పద్నాలుగేళ్లు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌కు కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. జీతం లేదు, లైన్ అకౌంటే ఆధారం. ఎన్ని లైన్లు అచ్చయితే అంత డబ్బు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక జిల్లా పేజీలు కుదించారు. అన్నిటికంటే ముందు పోయింది ఆటల అరపేజీ. జిల్లా హాకీ ఎంపికలు, పాఠశాలల పోటీలు, సాయంత్రం శిక్షణ శిబిరాలు, ఏవీ జరగలేదు. తర్వాత మళ్లీ మొదలైనా ఆ అరపేజీ తిరిగి రాలేదు. నన్నూ పిలవలేదు.

పెద్ద పోటీల సంగతి వేరుగా చెడింది. అంతకుముందు ఆట అయ్యాక విలేఖరి మైదానం అంచున నిలబడేవాడు. ఓడిన పిల్లవాడు ఒంటరిగా బూట్లు విప్పుకుంటూ ఉంటే పక్కన కూర్చుని మాట్లాడేవాడు. అక్కడ దొరికేదే వార్త. కరోనాలో అంతా కంప్యూటర్ తెర మీదికి మారింది. ఇరవై మంది విలేఖరులు, ఒక కెప్టెన్, పది నిమిషాలు. అందరికీ అదే వాక్యం, అన్ని పత్రికల్లోనూ అదే వాక్యం. టోక్యో పతకం మర్నాడు మీరు చదివిన మొదటి పేజీలో మన జిల్లాల నుంచి ఎవరైనా వెళ్లి చూసి రాసిన లైను ఎన్ని? పతకం వచ్చిన రోజు పేజీ నిండింది. నెల తిరిగాక ఏమైంది?

కృష్ణాతీరం:
పతకం గెలిస్తేనే గుర్తొస్తుంది. కరోనాకు ముందూ అంతే.

కీపర్ ప్యాడ్లు:
విలేఖరి గారూ, మీ ఉపాధి పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ మీకు జరిగిన నష్టాన్ని హాకీకి జరిగిన నష్టంగా చెబుతున్నారు. చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమర్పు రజని చాలా ఏళ్లు భారత జట్టుకు గోల్ కాసింది. టోక్యోకు రిజర్వ్ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యాకే ఆమె పేరు మా వీధిలో వినిపించింది. మీ అరపేజీ ఉన్న రోజుల్లో ఆ పని ఎందుకు జరగలేదు?

పాత విలేఖరి:
జరిగింది. మీరు చదవలేదు.

రూర్కెలా తెలుగు:
కాన్పూరు గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మన కుర్రాళ్లు తొలి మ్యాచ్‌లో ఫ్రాన్స్ చేతిలో 4-5తో ఓడారు. చివరికి మూడో స్థానం పోటీలోనూ అదే ఫ్రాన్స్ చేతిలో 1-3తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. పదిహేను వేల మంది వెనక నుంచి అరుస్తూ ఉంటే ఆ పిల్లల కాళ్లలో ఇంకొంచెం బలం వచ్చేది. 2018 ప్రపంచ కప్పులో ఆ స్టేడియం హోరు నా చెవులతో విన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడీ లీగ్ చూడండి. ఈసారి పురుషుల మ్యాచ్‌లు ఎక్కువగా మా బిర్సా ముండా స్టేడియంలోనే జరిగాయి, ప్రవేశం ఉచితం. పేరులో హైదరాబాద్ ఉన్న జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో అదే హైదరాబాద్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచారు. కరోనాలో అంతా ఒకేచోట ఆడించడం అలవాటైంది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఎడమ వింగ్:
ఒకేచోట ఆడించడం ఖర్చు తగ్గించుకోవడానికి. 2017 తర్వాత ఆగిపోయిన లీగ్ మళ్లీ నిలబడాలి కదా. దీనికి కరోనాతో ముడిపెట్టకండి.

రాత్రి డ్యూటీ:
ఇంతసేపు చదువుతూ ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. రూర్కెలా గారూ, నేను నర్సును. 2021 ఏప్రిల్, మే నెలల్లో మా వార్డులో ఒక మంచం ఖాళీ అయ్యిందంటే అది ఎలా ఖాళీ అయిందో అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మీరు అడిగే ఆ నవంబరు 24నే దక్షిణాఫ్రికా కొత్త రకం వైరస్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది. రెండు రోజులకు దానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. దక్షిణాఫ్రికా జూనియర్ జట్టు అప్పటికే భువనేశ్వర్‌లో ఆడుతోంది. డిసెంబరులో ఆ దేశంలోనే జరగవలసిన అమ్మాయిల జూనియర్ ప్రపంచ కప్‌ను వాయిదా వేయవలసి వచ్చింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అసలు భువనేశ్వర్‌కే రాలేదు. కాన్పూరులో తెరవడం తప్పు. భువనేశ్వర్‌లో మూయడం ఒప్పు. మీరు తప్పును చూపించి ఒప్పును నిలదీస్తున్నారు. మూడేళ్లుగా ఒక ఆట చూడలేకపోయానని ఏడవడం నాకు అర్థం కావడం లేదు.

రూర్కెలా తెలుగు:
ఏడవడం అన్నారు. రాయకూడదనుకున్నది రాయిస్తున్నారు. ఆ మే నెలలోనే మా తమ్ముడు పోయాడు. మా అబ్బాయికి కర్ర పట్టడం నేర్పింది వాడే, నేను కాదు. భువనేశ్వర్ తీసుకెళ్తానన్న మాట కూడా మొదట ఇచ్చింది వాడే. వాడు పోయాక ఆ మాట నేను తీసుకున్నాను. దుఃఖం వార్డులో పనిచేసినవారికే ఉంటుందా?

నిర్వాహకులు:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి. ఒకరి నష్టాన్ని ఇంకొకరి నష్టంతో తూచవద్దు. చర్చ హాకీ గురించి.

పాత విలేఖరి:
హాకీ గురించే మాట్లాడదాం. కీపర్ ప్యాడ్లు గారి మొదటి మాటే నాకు మింగుడుపడటం లేదు. ఖాళీ స్టేడియం మేలు చేసిందట! మైదానంలో ఎండకు నిలబడనివాళ్లు, జట్టు వెంట బస్సులో తిరగనివాళ్లు సోఫాలో కూర్చుని ఆట మా ఇంటికొచ్చింది అంటారు. పతకం చూసి చప్పట్లు కొట్టేవాళ్లతో ఆట బతకదు. జిల్లాలో పదకొండు మంది పిల్లలు సాయంత్రం మైదానానికి వస్తే బతుకుతుంది. వాళ్ల గురించి రాసే చేతిని కరోనా నరికింది. దాన్ని మేలు అనకండి.

కీపర్ ప్యాడ్లు:
మైదానంలో నిలబడనివాళ్లు అన్నారు. సరే, వినండి.

నేను ఆరేళ్లు గోల్ కాశాను. ప్యాడ్లు మా వ్యాయామ ఉపాధ్యాయుడు ఎక్కడినుంచో తెచ్చిన పాతవి, నా కాళ్లకంటే పెద్దవి. 2008లో మా జిల్లా పాఠశాలల పోటీ ఫైనల్లో రెండు పెనాల్టీ స్ట్రోకులు, అంటే గోల్‌కీపర్ ఒక్కదాని మీదికే నేరుగా కొట్టే దెబ్బలు, ఆపాను. మర్నాడు మా నాన్న పత్రిక కొనుక్కొచ్చారు. పది లైన్ల వార్త. ముఖ్య అతిథి పేరు ఉంది, ఆయన ప్రసంగం ఉంది, ఆయన పక్కన కూర్చున్న నలుగురి పేర్లు ఉన్నాయి. ఆడిన ఒక్క అమ్మాయి పేరూ లేదు. "బాలికల జట్టు విజేతగా నిలిచింది", అంతే. నాన్న ఆ కాగితం మడిచి దాచారు. నేను ఎప్పుడూ తీసి చూడలేదు. మరుసటి ఏడాది రాష్ట్ర పోటీలకు పంపలేదు, దూరం అన్నారు. తర్వాత పెళ్లి.

స్టేడియం గేటు కరోనాలో మూశారని మీరంతా అంటున్నారు. నాకది ఏనాడూ తెరిచి లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు. భువనేశ్వర్‌కు రైలెక్కే వీలు నాకు జన్మలో లేదు.

ఆస్ట్రేలియాతో ఆట రోజు ఏం జరిగిందో చెబుతాను. వాళ్లకు పెనాల్టీ కార్నర్ తర్వాత పెనాల్టీ కార్నర్ వస్తోంది, అంటే గోల్ మీద దాడి చేసే అవకాశాలు. స్టేడియం ఖాళీ కాబట్టి హోరు లేదు. మన గోల్‌కీపర్ సవిత గొంతు వినిపించింది. ఎడమ, దగ్గరికి, నీ మనిషిని చూసుకో అని వెనక నుంచి అరుస్తోంది. గోల్‌కీపర్ ఆట మొత్తం మాట్లాడుతూనే ఉంటుంది. అది ఆడినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు, జనం అరుపుల్లో ఎవరికీ వినబడదు. నేను అరిచిన మాటలే అవి. పదమూడేళ్ల తర్వాత వంటగది గుమ్మంలో నిలబడి విన్నాను. అందుకే మేలు అన్నాను. ఇంకే లెక్కా కట్టి అనలేదు.

కృష్ణాతీరం:
మా అక్క కూడా రాష్ట్ర స్థాయి వరకు ఆడింది. ఆమె పేరు నేనూ పత్రికలో చూడలేదు.

పాత విలేఖరి:
మీరు ఆడలేదనుకుని రాశాను. అది తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఆ పది లైన్ల గురించి చెప్పవలసింది నాదే. అలాంటివి నేను వందలు రాశాను. అతిథి పేరు లేకపోతే వార్త డెస్కులో ఆగిపోయేది. జట్టు పట్టిక పంపితే కత్తిరించేవారు. కొన్నాళ్లకు పంపడమే మానేశాను. అది నా తప్పు, మరొకరి మీదికి నెట్టను. కానీ ఒక్క మాట. ఆ పది లైన్లు చెడ్డగా రాశాం కాబట్టి అవి పోతే నష్టం లేదంటారా? మీ నాన్నగారు మడిచి దాచుకోవడానికి ఆ కాగితమైనా ఉంది. ఇవాళ మీ జిల్లాలో రెండు స్ట్రోకులు ఆపే అమ్మాయి తండ్రికి దాచుకోవడానికి ఏముంది?

కీపర్ ప్యాడ్లు:
ఎవరో ఫోనులో తీసిన వీడియో ఉంటుంది. అందులో ఆ అమ్మాయి ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. మీ పది లైన్లలో అవి లేవు.

పాత విలేఖరి:
వీడియో ఆ అమ్మాయి బంధువులు చూస్తారు. పత్రిక జిల్లా కలెక్టరు కూడా చదివేవాడు. మైదానానికి నీళ్లు, ప్యాడ్లకు డబ్బు వచ్చేది అలాగే. మీకు పాత ప్యాడ్లు దొరకడం వెనకా ఎక్కడో నాలుగు లైన్లు ఉండి ఉంటాయి. ఇందులో మనిద్దరికీ పొత్తు కుదరదు.

కీపర్ ప్యాడ్లు:
కుదరదు.

రాత్రి డ్యూటీ:
రూర్కెలా గారూ, మీ తమ్ముడి విషయం తెలియక కటువుగా రాశాను. క్షమించండి. గేటు మూయడం సరైనదేనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రూర్కెలా తెలుగు:
తీసుకోవద్దు తల్లీ. మీరు చెప్పింది సబబే కావచ్చు. అప్పుడు టీవీలో కాన్పూరు చూస్తూ "వాళ్లకెందుకు ఉంది, మనకెందుకు లేదు" అని అడిగింది నేను కాదు, మా అబ్బాయి. నాకు జవాబు తెలియలేదు. వాడు ఆ చలికాలం నుంచి మైదానానికి వెళ్లడం తగ్గించాడు, పదో తరగతికి పూర్తిగా మానేశాడు. 2023లో ప్రపంచ కప్పు మా ఊరికే వచ్చింది, కొత్త స్టేడియం కట్టారు. టికెట్లు తెచ్చాను. పరీక్షలున్నాయని రానన్నాడు. నేనొక్కడినే వెళ్లి వచ్చాను, పక్క కుర్చీ మీద నా సంచి పెట్టుకుని.