విజయనగరంలో నృత్యరూపకం బృందాన్ని ఏడాది పొడుగునా నడపాలంటే?

గజ్జెలమూట అడిగినది:

మాస్టార్లకి నమస్కారం. ఎనిమిది మంది కూచిపూడి నర్తకులు, చేతితాళాలతో అడుగులకి జతులు పలికే ఒక నట్టువనారు, ఒక గాయని కలిసి విజయనగరంలో బ్యాలే బృందం పెడుతున్నాం. పండక్కి పిలిస్తే ఆడి వచ్చేసే పార్టీలా కాకుండా, రోజూ సాధన ఉండాలి, నెలనెలా చేతికి డబ్బు అందాలి. మొదటి రూపకం గురజాడ వారి పూర్ణమ్మ కథ, 45 నిమిషాలు. మధ్యలో మన ఉత్తరాంధ్ర జానపద ఆట తప్పెటగుళ్లు ఆడే ఒక దళాన్ని కూడా కలుపుదామని ఉంది. సాధనకి దొరికిన హాలు 26 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, కింద టైల్స్. నేల, సౌండు, డబ్బు, బడులతో సంబంధం... ఏది తెలిస్తే అది వివరంగా చెప్పండి.

చెక్కపని:

మిగతావన్నీ తరవాత, ముందు నేల చూసుకోండి. టైల్స్ మీద రోజూ రెండు గంటలు పాదం కొడితే ఆ దెబ్బంతా మడమకీ మోకాలికీ తిరిగొస్తుంది. మొదట మోకాలి కింద ముందువైపు ఎముక సలుపుతుంది. దాన్ని ఓర్చుకుని ఆడితే ఎముక చిట్లేదాకా వెళ్తుంది. తివాచీ పరిస్తే చాలంటారు. చాలదు. తివాచీ దెబ్బని ఆపదు సరికదా, భ్రమరి తిరిగేటప్పుడు పాదాన్ని పట్టేస్తుంది, మోకాలు మెలిపడుతుంది.

గోడలకి అడుగు చొప్పున వదిలేసి 24 x 16 నేల వేయించండి. 8 x 4 అడుగుల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, 12 మి.మీ. మందం, రెండు పొరలు. పొరకి 12 షీట్లు, మొత్తం 24. కింది పొర షీట్లు హాలు పొడవునా పడుకోవాలి, పై పొర అడ్డంగా తిరగాలి. కింద మూడు షీట్లు, పైన రెండు షీట్లు నిలువునా సగానికి కోయించి, ఆ రెండడుగుల ముక్కల్ని రెండు అంచులకీ వేస్తే కింది అతుకు మీద పై అతుకు ఎక్కడా పడదు. అతుకు మీద అతుకు పడిన చోటే నేల ముందు కుంగుతుంది, అక్కడే బొటనవేలు తగులుతుంది.

కింది పొర అడుగున మూడంగుళాల చదరం, అంగుళం మందం గట్టి ఫోమ్ ముక్కలు అడుగుకొకటి చొప్పున అంటించాలి. 25 వరసలు, వరసకి 17, అంటే 425 ముక్కలు. పరుపుల షాపు మెత్తటి స్పాంజి తీసుకుంటే తొందరగా చప్పబడిపోతుంది. రెండు పొరల్నీ 20 మి.మీ. స్క్రూలతో కలపండి. 25 మి.మీ.వి వేస్తే మొన అడుగుకి పొడుచుకొస్తుంది. ఆడేది వట్టి కాళ్లతో కాబట్టి ప్రతి స్క్రూ తలా చెక్కలోకి దిగి ఉండాలి. పని అయ్యాక అరచేత్తో నేలంతా తడిమి చూడండి. అంచుల చుట్టూ బీడింగు కొట్టి మూసేయకండి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, దానికి చోటూ కావాలి, అడుగున గాలీ ఆడాలి.

ఆదితాళం:

సంగీతం గురించి. గురజాడ అనగానే ఆయన ఛందస్సు ముత్యాలసరం అనుకుని, ఏడు మాత్రల మిశ్రచాపు తాళానికి కట్టేస్తుంటారు. ముత్యాలసరం 3+4, 3+4 నడక నిజమే, కానీ పూర్ణమ్మ కథ నాలుగేసి మాత్రల నడక. ఆదితాళంలో హాయిగా కూర్చుంటుంది. మిశ్రంలో ఇరికిస్తే గాయని మాటల్ని సాగదీయాలి, మాట సాగితే అభినయం జారిపోతుంది.

సౌండులో పెద్ద తప్పు నర్తకులకి విడిగా స్పీకర్లు పెట్టకపోవడం. జాతర వేదికల దగ్గర బాక్సులు దూరంగా స్తంభాలకి కడతారు. వంద అడుగుల అవతల నుంచి శబ్దం రావడానికి సెకనులో పదకొండో వంతు పడుతుంది. వేదిక మీద ఆ బాక్సుని విని అడుగేసేవాళ్లు, నట్టువాంగాన్ని, అంటే నట్టువనారు తాళాన్ని, జతుల్ని విని అడుగేసేవాళ్లు విడిపోతారు. సాధన లేదని పిల్లల్ని తిడతాం గానీ తప్పు వాళ్లది కాదు. రెండు పక్కలా తెరల చాటున ఒక్కో చిన్న స్పీకరు, నర్తకుల వైపు తిప్పి, నట్టువాంగం, గొంతు మాత్రమే అందులోకి ఇవ్వండి.

ఇక తప్పెటగుళ్లు. దళానికి పాట ఎత్తుకునే నాయకుడే తాళం, లెక్క కాదు. ‘64 మాత్రల్లో ముగించండి’ అంటే ఆట చచ్చిపోతుంది. వాళ్లు తమ వేగంలో పెంచుకుంటూ పోతారు, రికార్డు చేసిన ట్రాకు పెరగదు. ఆ ఘట్టం వరకు ట్రాకు ఆపేసి, నాయకుడి చివరి కేక మీద నట్టువనారు జతి అందుకోవాలి. ఆ ఒక్క అతుకునే పదిసార్లు సాధన చెయ్యండి. తప్పెట రొమ్ము మీద ఉంటుంది, రెండు చేతులా వాయిస్తూ ఎగురుతారు కాబట్టి చొక్కాకి మైకు పెట్టకూడదు. ఆరడుగుల ఎత్తున పక్కలకి రెండు మైకులు చాలు. తోలు తప్పెటలైతే చెమ్మకి వదులవుతాయి, వేడి చూపించుకోవడానికి హాలు బయట చోటు, పావుగంట వ్యవధి ఇవ్వండి. మనిషి మీద మనిషి ఎక్కే విన్యాసాలు ఉంటే సీలింగు ఫ్యాన్లు ఆపడం కాదు, ఎత్తు కొలవండి.

వాళ్లకిచ్చే డబ్బు తలకింత లెక్కన నర్తకులతో సమానంగా ఉండాలి. దళాన్ని రంగు కోసం తెచ్చి, భోజనం పెట్టి పంపించే పద్ధతి మన జిల్లాలో ఇకనైనా పోవాలి.

పద్దుపుస్తకం:

ప్రదర్శనకి ఇంతని మాత్రమే ఇచ్చే బృందాలు త్వరగా విడిపోతాయి, ఎందుకంటే కష్టమంతా సాధనలో ఉంటుంది. సమూహ నృత్యం ఒక నిమిషం కొత్తగా కూర్చడానికి రెండు గంటలు వేసుకోండి. 45 నిమిషాలకి 90 గంటలు, మొత్తం కలిపి ఆడుకోవడానికి ఇంకో 10. రోజుకి రెండున్నర గంటలు, వారానికి ఐదు రోజులైతే ఎనిమిది వారాలు. ఆ 100 గంటలకి డబ్బు ముందే పక్కన పెట్టాకే తేదీ ప్రకటించండి.

కాగితాల పని: సొసైటీగా నమోదుకి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. శాస్త్రీయ, జానపద నృత్య ప్రదర్శనకి కళాకారుడు తీసుకునే పారితోషికం 1,50,000 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. టిక్కెట్టు మనిషికి 500 రూపాయల లోపుంటే దాని మీదా లేదు. గురజాడ 1915లో పోయారు కాబట్టి మాటలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరో పాడిన రికార్డు వాడితే మాత్రం ఆ రికార్డు హక్కులు వేరు. మీ గాయని చేతే పాడించుకోండి.

అమెరికాలో ఊరూరా ఉండే బ్యాలే కంపెనీలు చాలావరకు డిసెంబరులో నట్‌క్రాకర్ ఆడి, ఆ వసూళ్లతో మిగతా ఏడాది గట్టెక్కుతాయి. అందులో ఊరి పిల్లలకి వేషాలుంటాయి. ఒక్కో పిల్ల వెనక అమ్మానాన్నా, తాతా మామ్మా టిక్కెట్టు కొంటారు. మనకి ఆ కాలం దసరా వెళ్లాక మంగళవారం వచ్చే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. శ్రీకాకుళం వైపు అరసవల్లి రథసప్తమి. ఆ రోజుల్లో జనం బయట ఉంటారు గనక హాల్లో కాకుండా వాళ్లున్న చోటికి అరగంట రూపకం తీసుకెళ్లండి. పూర్తి ప్రదర్శన ఆనందగజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో విడిగా పెట్టుకోవచ్చు.

బడికి వెళ్తే ఒక పీరియడ్‌లో ముగించాలి. ఇద్దరు నర్తకులు, వివరించే మనిషి ఒకరు చాలు. పది నిమిషాలు చూపించడం, ఇరవై నిమిషాలు పిల్లల చేత చేయించడం. వివరణ మన యాసలోనే చెప్పండి. పూర్ణమ్మ కథ చావుతో ముగుస్తుంది, చిన్న తరగతులకి అది వద్దు. తొమ్మిది, పది తరగతులకి మాత్రం తప్పకుండా చూపించండి, బాల్యవివాహం మాట అక్కడే రావాలి.

ఇంకో సంగతి. పెళ్లికో, వైజాగ్ ఉద్యోగానికో ఏటా ఇద్దరైనా వెళ్తారు. ప్రతి పాత్రా ఇద్దరికి నేర్పండి. సంగీత నృత్య కళాశాల నుంచి సర్టిఫికెట్, డిప్లొమా చేసి బయటికొచ్చేవాళ్లని ముందే పిలిచి సాధనలో కూర్చోబెట్టండి. నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి నుంచి వచ్చే ఆడపిల్లలుంటే సాధన సాయంత్రం నాలుగున్నరకి మొదలై ఏడుకి అయిపోవాలి. తిరుగు బస్సు దొరక్కపోతే మర్నాడు ఇంట్లోవాళ్లు పంపరు.

గజ్జెలమూట:

అందరికీ దండాలు. పూర్ణమ్మని మేం మిశ్రచాపుకే కట్టాం, ఈ వారమే మార్చేస్తున్నాం. చెక్కపని గారూ, 24 షీట్లకి ఒకేసారి డబ్బు లేకపోతే ముందు ఒక పొర వేసుకోవచ్చా?

చెక్కపని:

వద్దండీ. ఒక్క పొర ఫోమ్ ముక్కల మధ్య వంగుతుంది, అతుకుల దగ్గర లేస్తుంది. దానికంటే రెండు పొరలతోనే 16 x 12 వేయండి, 12 షీట్లతో అయిపోతుంది. నలుగురేసి రెండు జట్లుగా సాధన చెయ్యొచ్చు. షీట్లు తెచ్చాక మూడు నాలుగు రోజులు హాల్లోనే నిలబెట్టి, ఆ తరవాతే కోయించండి. అంచు గజ్జెకి తగిలి దారం తెగకుండా చుట్టూ ఉప్పుకాగితం పట్టించండి, రాలిన ఒక్క మువ్వ మీద కాలేసినా ఆ పాదం వారం పనికిరాదు.