దుప్పి కొమ్ము పిడి ఉన్న కత్తి రోజువారీ పనికి ఆగుతుందా?

కొత్తపదును:
ఒక కత్తి కొందామనుకుంటున్నాను. పిడి దుప్పి కొమ్ముతో చేసింది. ఒకసారి చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. బొటనవేలి కింద గోధుమరంగు గరుకు గీతలు, వాటి మధ్య అరిగి తెల్లబడ్డ నున్నటి చోట్లు. చిటికెనవేలి దగ్గర కొమ్ము మొదలు పువ్వులా విచ్చుకుని ఉంది. గోడకి తగిలించడానికి కాదు, తాళ్లకి, అట్టపెట్టెలకి, వంటింట్లో కూరగాయలకి రోజూ వాడాలని. ఆగుతుందా?

కొలిమిరవ్వ:
ఆగుతుంది. పధ్నాలుగేళ్లుగా పిడులు వేస్తున్నాను, అనుభవంతోనే చెబుతున్నా. మామూలు ఎముకతో పోలిస్తే ఈ కొమ్ములో ఖనిజం తక్కువ, వంగే గుణమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ. అందుకే దెబ్బ తగిలితే పెళుక్కున విరగదు, అదురును తనలోనే ఆపుకుంటుంది. రాతియుగంలో చెకుముకి రాయిని చెక్కడానికి దీన్నే సుత్తిగా వాడారు.

చూసుకోవాల్సింది లోపలి గుల్ల. పైపొర గట్టిగా ఉంటుంది, నడుమ స్పాంజిలా ఉంటుంది. కణుజు (సాంబార్ దుప్పి) కొమ్ములో ఆ గట్టి పొర మందంగా ఉంటుంది కాబట్టే పిడులవాళ్లకి దానిమీద అంత మక్కువ. గుల్ల ఎక్కువున్న కొమ్మయితే పలచటి జిగురు తాగించి గట్టిపరచాలి. తడిచేత్తో పట్టుకున్నా ఆ గరుకు వల్ల జారదు. నున్నటి ప్లాస్టిక్ పిడికి ఆ పట్టు ఎక్కడిది?

ఇనుపముక్క:
మైకార్టా పిడి తీసుకో తమ్ముడూ, గుడ్డ పొరల్ని రెసిన్‌తో అదిమి చేసేది. గొడవే ఉండదు.

గిన్నెలపక్క:
రోజువారీ పనికి ఆగదు. మా ఇంట్లో అలాంటి కత్తి ఏడాది తిరగకుండానే చీలింది. వేడినీళ్లు పడకూడదు, నానకూడదు, ఎండలో పెట్టకూడదు, డిష్‌వాషర్‌లో వేయకూడదు, పులుపు తగిలితే వెంటనే తుడవాలి. ఇన్ని 'కూడదు'లు ఉన్నదాన్ని పనిముట్టు అని ఎలా అంటారు?

కొలిమిరవ్వ:
గిన్నెలపక్క గారూ, ఆ నియమాల్లో సగం చెక్క పిడికీ ఉన్నాయి. ఎపాక్సీతో అతికించిన ఏ పిడికైనా వేడి పడదు. 60 డిగ్రీలు దాటితే మామూలు ఎపాక్సీ మెత్తబడుతుంది. అది కొమ్ము తప్పు కాదు.

మాటకారి:
ఒక చిన్న సవరణ. చాలామంది దీన్ని 'జింక కొమ్ము' అంటున్నారు. కృష్ణజింక కొమ్ము వేరు, దుప్పి కొమ్ము వేరు. కృష్ణజింకది లోపల ఎముక, పైన మన గోళ్లలో ఉండే కెరటిన్ తొడుగు. జీవితాంతం ఉంటుంది, రాలదు. దుప్పిది పూర్తిగా ఎముకే, ఏటా రాలి మళ్లీ మొలుస్తుంది. తెలుగులో రెండింటినీ 'కొమ్ము' అనేస్తాం కాబట్టి ఈ తికమక.

ఇనుపముక్క:
ఇక్కడ ఎవరూ జింక కొమ్ము అనలేదు కదండీ.

మాటకారి:
ఈ వేదికలో పాత చర్చల్లో అన్నారు. అందుకే ముందే చెప్పాను.

గిన్నెలపక్క:
చెక్క పిడితో పోల్చకండి. మా చెక్క పిడి కత్తి తొమ్మిదేళ్లుగా అదే సింకులో పడి ఉంటోంది, ఏమీ కాలేదు. ఈ కొమ్ముకి సన్నటి రంధ్రాలుంటాయి. గరుకు గీతల్లో పిండి, రసం ఇరుక్కుంటే బ్రష్ పెట్టి తోమితే గానీ పోదు. తోమాక ఆరేవరకు కాపలా. హోటల్ వంటగదుల్లో నీరు పీల్చని, తేలిగ్గా శుభ్రమయ్యే పిడులే ఎందుకు అడుగుతారో ఆలోచించండి.

కొలిమిరవ్వ:
ఇల్లు హోటల్ కాదండీ. ఇంగ్లండ్‌లో స్టార్ కార్ అనే చోట దాదాపు 11,000 ఏళ్ల నాటి ఎర్రదుప్పి కొమ్ము పనిముట్లు దొరికాయి. అన్నీ నీళ్లు నిండిన బురదలోంచే. తడికి అంత లొంగేదైతే అవి మిగిలేవి కావు.

పాతమట్టి:
ఆ ఉదాహరణ సగమే చెప్పారు. గాలి తగలని తడిబురద కాబట్టి నిలిచాయి. తర్వాత ఆ నేల ఎండుతూ ఆమ్లం పెరిగాక, అక్కడి ఎముకలూ కొమ్ములూ మెత్తబడి పాడైపోయాయి. గిన్నెలపక్క గారు పులుపు సంగతి ఊరికే అనలేదు. పైగా కొమ్మును చెక్కేముందు మెత్తబడటానికి నీళ్లలో నానబెట్టడం పాత పద్ధతే.

కుక్కపిల్ల:
మా కుక్క ఒకటి నమిలేసింది. బల్లమీద పెట్టకండి.

కొలిమిరవ్వ:
సరే, ఆమ్లం సంగతి ఒప్పుకుంటాను. కానీ రోజూ వాడి, కడిగి, తుడిచి, నెలకోసారి కాస్త మైనం రాసే మనిషి దగ్గర ఈ పిడి అతని తర్వాత కూడా ఉంటుంది. వాడేకొద్దీ చేతి నూనెకి రంగు తిరుగుతుంది. నేను మొదట చేసిన పిడి ఇప్పుడు తేనెరంగులో ఉంది. పగిలిందంటే నూటికి తొంభైసార్లు వాడినవాళ్ల నిర్లక్ష్యమే. నిజం ఇది, చేదుగా ఉన్నా.

గిన్నెలపక్క:
ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. 'వాడినవాళ్ల నిర్లక్ష్యం'. మా ఇంట్లో ఆ కత్తి కొన్నది మా బావగారు. దానితో కోసేది ఆయన, వచ్చినవాళ్లకి చూపించి మురిసేది ఆయన. కోశాక సింకు పక్కన పెట్టి వెళ్లేదీ ఆయనే. కడిగేది నేను. ఒకరోజు వేడినీళ్లతో కడిగాను. రెండు రోజుల తర్వాత చీలిక కనిపించింది. అప్పటినుంచి నలుగురూ కూర్చున్నప్పుడల్లా 'మన ఇంట్లో మంచి వస్తువు ఆగదు' అంటారు, నావైపు చూసి. మూడేళ్లయింది.

మీరు 'కడిగి, తుడిచి, మైనం రాసే మనిషి' అన్నారే, ఆ మనిషీ కొన్న మనిషీ ఒకరే అని ఎలా అనుకున్నారు? నాకు కొమ్ముమీద కోపం లేదు. ఒకరి ముచ్చటకి ఇంకొకరు కాపలా కాయాలి, పాడైతే మాట పడాలి. అలాంటి వస్తువు నలుగురు మసిలే వంటింట్లో ఉండకూడదు. అంతే నా మాట.

ఇనుపముక్క:
అక్కా, ఇది మొదటే చెప్పి ఉండాల్సింది.

కొలిమిరవ్వ:
గిన్నెలపక్క గారూ, ఒక్క ప్రశ్న. వాదన కోసం కాదు. చీలిక ఎక్కడ మొదలైంది? బ్లేడు వైపా, పిడి చివరా? చీలిక అంచున రంగు ఏమైనా కనిపించిందా?

గిన్నెలపక్క:
బ్లేడు దగ్గర. ఇత్తడి పట్టీ ఉంటుంది కదా, దాని కిందనుంచి పొడుగ్గా. లోపల ఎర్రటి గీత ఉంది, మట్టి అనుకున్నాను.

కొలిమిరవ్వ:
అది మట్టి కాదండీ, తుప్పు. పిడి లోపలికి దిగే ఉక్కు తోక ఉంటుంది. పట్టీకీ కొమ్ముకీ మధ్య సందు సరిగ్గా మూయకపోతే తడి లోపలికి చేరి ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు ఉక్కుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, లోపలినుంచి కొమ్మును నెట్టి చీలుస్తుంది. ఒక్కరోజు వేడినీళ్లకి అంత తుప్పు రాదు. నెలల తరబడి లోపల నడిచిన పని అది. చేసినవాడు సందు మూయలేదు. మీరు కడగకపోయినా చీలేది.

తొంభైసార్లు అన్నది నోటి తొందర, వెనక్కి తీసుకుంటున్నాను. కొమ్ము పిడి మంచిదన్న మాట మాత్రం తీసుకోను.

గిన్నెలపక్క:
తీసుకోనక్కర్లేదు. మీరు ఇప్పుడు రాసిన ఆ తుప్పు సంగతి మాత్రం ప్రింట్ తీసి పెట్టుకుంటున్నాను.

మాటకారి:
కొనేముందు ఇంకొకటి. కొమ్ము ఎక్కడిదో రాతపూర్వకంగా అడగండి. భారత్‌లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొమ్మును కూడా ట్రోఫీగానే, అంటే వన్యప్రాణి శరీరభాగంగానే లెక్కిస్తుంది. రాలిపడిందే కదా అని ఏరుకొచ్చి అమ్మడం కుదరదు.

కొత్తపదును:
అందరికీ ధన్యవాదాలు. కాగితాలు అడుగుతాను. మా ఇంట్లో గిన్నెలు కడిగేది అమ్మ. ఆ కత్తి నేనే కడుక్కుంటానని చెప్పాను, 'చూద్దాంలే' అంది. కొలిమిరవ్వ గారూ, కడిగాక నిలబెట్టి ఆరబెట్టాలా, పడుకోబెట్టా?

కొలిమిరవ్వ:
ముందు పొడిగుడ్డతో తుడిచి, పడుకోబెట్టండి. పిడి కిందికి ఉండేలా నిలబెడితే బ్లేడు మీది నీళ్లన్నీ జారి ఆ సందులోకే దిగుతాయి.