మూలలో గోడకు బిగించే రాతబల్ల: కలప, ఆధారం, కొలతల గురించి సలహా కావాలి

ప్రశ్న (విజయనగరం నుంచి)

నమస్కారం. మా ఇంటి వెనుక గది మూలలో, గోడలకే బిగించి ఉండే ఎల్ ఆకారపు రాతబల్ల చేయించాలనుకుంటున్నాము. ఒక గోడ వెంట 6 అడుగులు, రెండో గోడ వెంట 5 అడుగులు, వెడల్పు 2 అడుగులు అనుకున్నాము. పగలు నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. సాయంత్రం ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కూడా అక్కడే కూర్చుని చదువుకోవాలి. ఇల్లు పాతది, ఎర్ర ఇటుక గోడలు, పైన సున్నపు పూత. వానాకాలంలో ఒక గోడకు కొద్దిగా చెమ్మ వస్తుంది.

మూల దగ్గర కాలు లేకుండా బల్ల నిలుస్తుందా? ప్లైవుడ్ అయితే ఏ రకం తీసుకోవాలి? మా మావయ్యగారి ఊరి నుంచి తెచ్చిన పాత పనస పలకలు అటక మీద ఉన్నాయి. వాటినే పై పలకగా వాడవచ్చా అన్నది మరో సందేహం.

సమాధానం (బొబ్బిలి నుంచి)

నమస్కారమండీ. మాది చెక్కపని చేసే కుటుంబం కాబట్టి ముందు కలప సంగతి చెబుతాను. పనస మంచి కలప. బొబ్బిలి వీణలు చెక్కేది దానితోనే. అయినా పలకలు అతికించి 2 అడుగుల వెడల్పు తెచ్చి, గోడకు కదలకుండా బిగించే పై పలకగా దానిని వాడమని నేను చెప్పను. ఏ కలప పలకైనా వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. ఆ కదలికను స్క్రూలు ఆపేస్తే పలక పగులుతుంది, లేదా అతుకు విచ్చుకుంటుంది. మీ పనస పలకలను కోయించి గోడ రీపర్లకూ (గోడకు బిగించి బల్ల వెనుక అంచును ఆనించే చెక్కపట్టీలు), బల్ల ముందు అంచు పట్టీకీ వాడండి. కోయించే ముందు పాత మేకులు ఏమైనా మిగిలాయేమో, పురుగు తొలిచిన రంధ్రాలు ఉన్నాయేమో చూసుకోవాలి. రోజంతా ముంజేతులు ఆనే చోట ప్లాస్టిక్ బీడింగు కంటే, కొద్దిగా గుండ్రంగా చిత్రిక పట్టిన పనస అంచు ఎంతో హాయిగా ఉంటుంది. కోసిన కొత్తలో పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది.

పై పలకకు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. చెమ్మ గోడ అన్నారు కాబట్టి కొద్దిపాటి తేమను మాత్రమే తట్టుకునే ఎం.ఆర్. రకం వద్దు; షీటు మీద ఐ.ఎస్. 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్నదే అడగండి. దానిలో పొరలను అతికే జిగురు నీటికి తట్టుకుంటుంది. షీటును 8×4 అడుగులు అంటాము గాని అసలు కొలత 2440×1220 మిల్లీమీటర్లు. పొడుగునా రెండుగా కోస్తే, రంపం తినే మందం పోగా ఒక్కో ముక్క 608 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 2 అడుగులకు ఒక పిసరు తక్కువ వస్తుంది. పనస పట్టీ వేశాక ఆ లోటు తెలియదు. 6 అడుగుల ముక్క మూల దాకా వెళ్తుంది. రెండో గోడ మీది 5 అడుగులలో 2 అడుగులు దాని వెడల్పే తీసుకుంటుంది గనుక రెండో ముక్క 3 అడుగులు చాలు. మిగిలిన 5 అడుగుల ముక్కలోంచి చివర్లలో నిలబెట్టే రెండు పక్క పలకలు వస్తాయి. పని మొత్తానికి ఒక్క షీటు సరిపోతుంది.

చాలామంది డబ్బు మిగులుతుందని పైన మాత్రమే మైకా అతికించి, అడుగు భాగానికి రంగు పూసి వదిలేస్తారు. దయచేసి అలా చేయించవద్దు. ఒకవైపే మైకా ఉంటే రెండు ముఖాలూ తేమను ఒకే తీరుగా తీసుకోవు, పలక వంగుతుంది. అడుగున చవక రకం మైకా అయినా సరే వేయించండి, గోడవైపు అంచులకు ప్రైమర్ పూయించండి.

మూలలో కాలు అక్కరలేదు. వెనుక అంచును రీపర్లు, చివర్లను పక్క పలకలు మోస్తాయి. పొడుగు ముక్క ముందు అంచు మాత్రం 6 అడుగుల మేర ఆధారం లేకుండా ఉంటుంది కాబట్టి, అంచుకు 2 అంగుళాలు లోపలగా, పక్క పలక నుంచి మూలలోని రెండో గోడ రీపరు దాకా 50×25 మిల్లీమీటర్ల ఇనుప గొట్టాన్ని, 50 మిల్లీమీటర్ల వైపు నిలువుగా ఉండేలా అడ్డంగా బిగించాలి. రెండు ముక్కలు కలిసే చోట అడుగున వెడల్పాటి ప్లైవుడ్ పట్టీని జిగురుతో, స్క్రూలతో అతికిస్తే సరి. బల్ల పైభాగం నేల నుంచి 750 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, గొట్టం కింద కూడా మోకాళ్లకు చాలినంత చోటు ఉంటుంది.

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

పై సలహాలతో ఏకీభవిస్తున్నాను. అయితే షీటు కోయించే ముందు మూలను కొలవండి. పాత ఇళ్లలో గది మూల కచ్చితంగా 90 డిగ్రీలు ఉండటం అరుదు. బల్ల ఎత్తులోనే ఒక గోడ మీద మూల నుంచి 3 అడుగులకు, రెండో గోడ మీద 4 అడుగులకు గుర్తు పెట్టి, ఆ రెంటి మధ్య దూరం కొలవండి. సరిగ్గా 60 అంగుళాలు వస్తే మూలమట్టం కుదిరినట్టే. అర అంగుళం ఎక్కువ వస్తే మూల సుమారు ఒక డిగ్రీ విచ్చుకుని ఉన్నట్టు. ఆ ఒక్క డిగ్రీకే 5 అడుగుల చివర గోడకూ బల్లకూ మధ్య దాదాపు అంగుళం ఖాళీ కనబడుతుంది.

రీపర్లకు ప్లగ్గులు ఇటుకలోనే దిగాలి, రెండు ఇటుకల మధ్య సున్నంలో దిగితే కొన్నాళ్లకు వదులైపోతాయి. పూత మందం లెక్కలో వేసుకుని స్క్రూ పొడవు ఎంచుకోండి. స్విచ్ బోర్డుకు సూటిగా పైనా కిందా గోడ లోపల వైర్లు ఉండవచ్చు. అక్కడ డ్రిల్ పెట్టవద్దు. చెమ్మ సంగతి మాత్రం ముందుగా మేస్త్రీకి చూపించండి, బల్ల బిగించాక ఆ గోడ చేతికి అందదు.

ఇద్దరు కూర్చునే బల్ల కాబట్టి మూలలో ఎవరి కుర్చీ వేయకండి. బల్ల ముందు అంచులు కలిసే లోపలి మూల నుంచి గోడ మూలకు ఐమూలగా 34 అంగుళాల దూరం ఉంటుంది, అంత వెనుక పెట్టిన పుస్తకం కూర్చున్నవారికి అందదు. ఆ చోటు ప్రింటరుకు, రౌటరుకు వదిలి, మీరు పొడుగు వైపు, అమ్మాయి పొట్టి వైపు కూర్చోండి. ముందు అంచు మీకు 4 అడుగులు, ఆమెకు 3 అడుగులు మిగులుతుంది. వైర్ల రంధ్రం కూడా మూలలోనే పెట్టించవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కొలిచాను. 60 అంగుళాల పావు వచ్చింది. ఈ తేడాకు రెండో ముక్క అతుకు అంచును ఏటవాలుగా కోయించాలా, లేక గోడవైపు అంచును చిత్రిక పడితే చాలా?

సమాధానం (బొబ్బిలి నుంచి)

పావు అంగుళం తేడా అంటే సుమారు అర డిగ్రీ. 5 అడుగుల చివర ఖాళీ అర అంగుళమే ఉంటుంది. అంతవరకూ గోడవైపు అంచులోనే సరిచేయవచ్చు. రెండో ముక్కను మొదటిదానికి మూలమట్టంగా ఆనించి ఉంచి, అర అంగుళం మందం ఉన్న చెక్కముక్కను గోడకు ఆనించి, దాని వెంట పెన్సిల్‌తో గీత లాగండి. గోడ ఉబ్బూ లొత్తూ అన్నీ ఆ గీతలో పడతాయి. గీత దాకా చిత్రిక పట్టి ముక్కను వెనక్కి జరిపితే అంచు గోడకు అతుక్కుంటుంది. చిత్రికలో పోయే మేరకు ఆ ముక్కను మొదటే అర అంగుళం వెడల్పు ఎక్కువ ఉంచి కోయమని దుకాణంలో చెప్పండి. రెండో సగం నుంచి వచ్చే ముక్క కాబట్టి, షీటును సరిగ్గా మధ్యకు కాకుండా ఆ మేరకు జరిపి కోయించి, పొడుగు ముక్కలో తగ్గినదాన్ని పనస పట్టీ వెడల్పుతో పూడ్చుకోవచ్చు.