టెర్మినల్‌లో ఫొటో చూస్తే పందో కుక్కో తెలియడం లేదు, సాయం చేయండి

చేనుకాడ (నార్పల):
అన్నా, మాది నార్పల దగ్గర పల్లె. ఆరెకరాల శెనక్కాయ చేను. ఊడలు దిగి కాయ పట్టినప్పటి నుంచి రాత్రిపూట అడవి పందులు పడి సాళ్లకు సాళ్లు తవ్వేస్తున్నాయి. మోటారు షెడ్డుకు రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, నైట్ కెమెరా బిగించినా. కదలిక కనబడితే 1920×1080 ఫొటో తీసి దాచుకుంటుంది. నేనుండేది అనంతపురంలో రూములో. చేన్లో సిగ్నల్ ఒక గీతే, ఒక్కో ఫొటో దిగేసరికి నాలుగైదు నిమిషాలు. అందుకని ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచే ఆ కంప్యూటరు లోపలికి పోయే దారి) పోయి, టీమక్స్‌లో (సిగ్నల్ తెగినా టెర్మినల్‌ను నిలిపి ఉంచే ప్రోగ్రాం) చాఫా పెట్టి అక్కడికక్కడే చూస్తున్నా. చాఫా అంటే అక్షరాలు చూపే టెర్మినల్ తెర మీద ఫొటోను రంగు అక్షరాలతో గీసే ప్రోగ్రాం.

బొమ్మ వస్తుంది, కానీ అంతా బూడిదరంగు పట్టీలు, నడుమ నాలుగు తెల్ల చుక్కలు. అది పందయితే నాయనను లేపాల, కుక్కయితే పడుకోనీయాల. నాయనకు 62 ఏళ్లు, చేన్లోనే మంచం వేసుకుంటాడు. మొన్న ఒంటిగంటప్పుడు నేను ఫోన్ చేస్తే టార్చి, కట్టె పట్టుకొని ఆ చీకట్లో వంక దాకా పోయినాడు. తీరా చూస్తే పక్క చేనోళ్ల కుక్క. తెల్లారి మోకాళ్లు పట్టుకొని కూర్చున్నాడంట. పందులకు ఎదురుపడి ఉంటే ఏమయ్యేదో. ఏం మార్చాల్నో చెప్పండి.

తుంగభద్ర (కర్నూలు):
సిక్సెల్ వాడు తమ్ముడూ, అది టెర్మినల్‌కు బొమ్మను చుక్కలుగా పంపే పద్ధతి. ఒక్కో అక్షరం నిలువుగా ఆరు చుక్కల్ని మోస్తుంది, ఆ పేరు అందుకే. డెక్ కంపెనీ 1980లలో తెచ్చిన పద్ధతే, ఇప్పటికీ దీన్ని మించి నచ్చింది లేదు నాకు, అచ్చం ఫొటోలాగే వస్తుంది. చాఫాకు ఫార్మాట్ సిక్సెల్ అని చెబితే చాలు. టెర్మినల్ ప్రోగ్రాముల్లో గ్నోమ్ టెర్మినల్ మామూలుగా చూపదు, కాన్సోల్ 22.04 వెర్షన్ నుంచి చూపిస్తుంది. టీమక్స్‌లో 3.4 నుంచే, అదీ కంపైల్ చేసేటప్పుడు ఆన్ చేసి ఉంటేనే. ముందు టీమక్స్ లేకుండా చూడు.

పెన్నఒడ్డు (కడప):
అన్న చెప్పింది నిజమేగానీ ఒక గీత సిగ్నల్‌కు సిక్సెల్ బరువు. గడులతోనే (తెర మీద ఒక్కో అక్షరం పట్టే చోటు) పని జరుగుతుంది, లెక్క చూడు.

వరసకు 80 గడులు, 24 వరసలు ఉన్న తెరలో మొత్తం 1920 గడులు. ▀ అనే అరగడిలో పైసగానికి ఒక రంగు, కిందిసగానికి ఒకటి. పూర్తి రంగులతో కూడా గడికి 39 బైట్లు దాటదు, తెరంతా 75 కేబీ. ఎస్‌ఎస్‌హెచ్ కంప్రెషన్ పెడితే ఇంకా తగ్గుతుంది. కాకపోతే నీ 1920 చుక్కల వెడల్పును 80లో ఇరికిస్తున్నావు, అంటే 24 చుక్కలకు ఒకటి. ఫొటోలో వంద చుక్కల పంది తెర మీద నాలుగు చుక్కలవుతుంది. నీకు కనిపించేవి అవే. కెమెరా కదలదు కదా, ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫొటోలు దిద్దే ప్రోగ్రాంతో వంక వైపు 480×270 ముక్క కోసి, నార్మలైజ్ చేసి (నలుపు తెలుపుల తేడా పెంచి) అప్పుడు చాఫాకియ్యి. అదే పంది పదహారు చుక్కలు వస్తుంది.

పట్టీల సంగతి వేరే. ఎస్‌ఎస్‌హెచ్‌లో పోతే, తెర పూర్తి రంగులు చూపగలదని చెప్పే కలర్‌టర్మ్ అనే వేరియబుల్ చాలాచోట్ల అవతలికి చేరదు, చాఫా 256 రంగులకు దిగిపోతుంది. అందులో వరసగా పేర్చిన బూడిద ఛాయలు 24 మాత్రమే. నైట్ కెమెరా ఫొటో అంతా బూడిదే కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ. చాఫాకు కలర్స్ ఫుల్ అనియ్యి, టీమక్స్ టెర్మినల్ ఫీచర్లలో ఆర్‌జీబీ చేర్చు. రెండూ చేయాల, మొదటిది ఒక్కటే చేస్తే టీమక్స్ మళ్లీ 256కే దించేస్తుంది.

చేనుకాడ (నార్పల):
అన్నా, రాత్రి రెండున్నరకు వచ్చింది. కోసిన ముక్క రెండు మూడు సెకండ్లలో పడింది. ముందు పెద్దది, మూతి నేలకానించి ఉంది, మెడ దగ్గర వెంట్రుకలు నిక్కినట్టు తెల్లగా ఒక గీత. దాని వెనక వరసగా అయిదు చిన్న మచ్చలు, పిల్లలు. నాయనకు ఫోన్ చేసి, వంక దిక్కు పోవద్దు, పిల్లల తల్లి ఉంది, షెడ్డు కాడ నుంచే డబ్బా కొట్టు అని చెప్పినా. అయిదు నిమిషాలకు వచ్చిన ఫొటోలో చేను ఖాళీ.

కుడిపక్క గట్టు మాత్రం ఈ ముక్కలోకి రావడం లేదు. రెండు ముక్కలు కోసి పక్కపక్కన వేస్తే 80 గడుల్లో పడతాయా, లేక కిందామీదా వేయాల్నా?

పెన్నఒడ్డు (కడప):
కిందామీదా వద్దు, 24 వరసలు చాలవు. ల్యాప్‌టాప్‌లో అక్షరం సైజు తగ్గించు, 160 గడులొస్తాయి. అప్పుడు పక్కపక్కనే వెయ్యి.