పాత వెంబ్లీ స్టేడియం అచ్చుబొమ్మ: ఏ కాలం నాటిది?

సీతమ్మధార శ్రీను:
పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్టులో పెద్ద అచ్చుబొమ్మ ఒకటి కొన్నాను. లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. వెనక జంట బురుజులు, ముందు మైదానం నిండా జనం, మధ్యలో తెల్ల గుర్రం మీద పోలీసు. 1923లో అక్కడ జరిగిన మొదటి ఫుట్‌బాల్ కప్ ఫైనల్ దృశ్యమే. అంచుల్లో గోధుమరంగు మచ్చలున్నాయి. ఇది ఎంత పాతది? విశాఖలో ఫ్రేము బాగా కట్టేవారెవరు? ఎంత పలుకుతుంది?

లాసన్స్ బే లక్ష్మి:
ధర సంగతి తర్వాత. ఫ్రేము కట్టే మనిషికి ముందే గట్టిగా చెప్పండి, బొమ్మకు జిగురు తగలకూడదని. మా నాన్నగారు దాచుకున్న ఫుట్‌బాల్ పోస్టరును ఒకాయన ప్లైవుడ్‌కు అతికించి ఇచ్చాడు. కొన్నేళ్లకు చెక్కలోని ఆమ్లం కాగితంలోకి దిగి, చెక్క గీతలు ఆటగాళ్ల ముఖాల మీద తేలాయి. ఊడదీయబోతే కాగితం పొరలుగా లేచింది. ఇప్పటికీ ఆ కొట్టు ముందు నుంచి వెళ్తే ఒళ్లు మండుతుంది. ఆమ్లం లేని మౌంట్ బోర్డు, అంటే బొమ్మ వెనకా చుట్టూ పెట్టే అట్ట, అడగండి. అద్దం కాగితానికి ఆనకూడదు, మన ఊరి తేమకు అతుక్కుపోతుంది.

గాజువాక గోలీ:
ఆ గుర్రం పేరు బిల్లీ. అది తెల్లది కాదు, బూడిదరంగుది! నలుపు తెలుపు ఫిల్ములో తెల్లగా కనిపించింది కాబట్టి 'తెల్ల గుర్రం ఫైనల్' అన్న పేరు పడింది. మీ బొమ్మలో తెల్లగా ఉందంటే గీసినవాడు మైదానంలో లేడు. 1923 నాటిది కానే కాదు.

మహారాణిపేట మూర్తి:
మైదానంలో లేకపోతే ఏమైంది? మర్నాడు పత్రికలో ఫొటో చూసి గీసి ఉండవచ్చు గదా. గుర్రం రంగును బట్టి కాగితం వయసు తేల్చేస్తారా?

గాజువాక గోలీ:
మూర్తి గారూ, నేను జిల్లా జట్టుకు గోల్‌కీపరుగా ఆడినవాణ్ణి. ఆ మ్యాచ్ గురించి నాకు చెప్పకండి. లెక్కకు వచ్చినవారే 1,26,047 మంది, గోడలు దూకి వచ్చినవారు వేరే. జనాన్ని గీత అవతలికి నెట్టేసరికి ఆట ముప్పావుగంట ఆలస్యమైంది. బోల్టన్ 2-0తో వెస్ట్ హామ్‌ను ఓడించింది.

మహారాణిపేట మూర్తి:
స్కోరు ఎవరడిగారు? గోలు కాయడం వేరు, అచ్చు గురించి తెలియడం వేరు.

డాబాగార్డెన్స్ ప్రెస్సు:
ఇద్దరూ కాస్త ఆగండి. జీవితమంతా అచ్చు యంత్రాల మధ్య గడిపినవాణ్ణి, నా మాట వినండి. భూతద్దం తీసుకుని ఆకాశం ఉన్న చోట చూడండి. రంగు చుక్కలు వరస తప్పకుండా, చిన్న చిన్న పూలలా కనిపిస్తే అది ఆఫ్‌సెట్, అంటే ఫొటో నుంచి యంత్రం మీద తీసిన అచ్చు. రాతి మీద చేత్తో గీసిన లితో అయితే సుద్దముక్కతో గీసినట్టు గరుకుగా, వరస లేకుండా ఉంటుంది. వేలితో తడిమి, వాసన చూసి 'పాతదే' అనేవాళ్లను నమ్మకండి.

పెదవాల్తేరు ప్రసాద్:
స్టాండ్ల పైకప్పు చూశారా? వెంబ్లీలో చుట్టూ కప్పు వేసింది 1963లో. అన్ని వైపులా కప్పు గీసి ఉంటే ఆ బొమ్మ అంతకు ముందుది కాదు. కొంత భాగమే కప్పి ఉంటే మాత్రం ఏదీ తేలదు, పాత ఫొటో చూసి ఎప్పుడైనా గీయవచ్చు. బురుజులను 2003లో కూల్చేశారు, కొత్త స్టేడియం 2007లో తెరిచారు.

కంచరపాలెం కోచ్:
వెంబ్లీ అంటే అందరికీ ఇంగ్లండు కప్పులే గుర్తొస్తాయి. 1948 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు అదే మైదానంలో బ్రిటన్‌ను 4-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. బల్బీర్ సింగ్ రెండు గోల్స్ కొట్టాడు. ఆ దృశ్యాన్ని గీసిన బొమ్మ దొరికితే చెప్పండి, ఎంతైనా ఇచ్చి కొంటాను. అదే ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఫ్రాన్సుతో 2-1తో ఓడింది. ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడారు, రెండు పెనాల్టీలు పోయాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఇందులో ఒక్క ముక్క తెలియదు.

గాజువాక గోలీ:
కోచ్ గారూ, ఆ ఫుట్‌బాల్ మ్యాచ్ వెంబ్లీలో జరగలేదు, ఇల్‌ఫర్డ్‌లో జరిగింది.

కంచరపాలెం కోచ్:
వెంబ్లీలో అని నేనన్నానా? చదివి మాట్లాడండి.

లాసన్స్ బే లక్ష్మి:
శ్రీను గారూ, వీళ్ల గొడవ తేలేదాకా బొమ్మను చుట్టి ఉంచకండి, మడతలు పడతాయి. శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పరచి, అటక మీద కాకుండా గాలి తగిలే గదిలో పెట్టండి. సముద్రం వైపు గోడకు మాత్రం వేలాడదీయకండి.

డాబాగార్డెన్స్ ప్రెస్సు:
భూతద్దం కింద ఆకాశాన్ని ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. గుర్రాన్ని కాదు.