ఐర్లండ్‌లోని కార్క్‌లో అమ్మానాన్నలకి ఎక్కడ తినిపించాలి?

ఖమ్మం_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఇక్కడి యూనివర్సిటీ కాలేజ్ కార్క్ (యూసీసీ)లో నా మాస్టర్స్ అయిపోయింది. కాన్వొకేషన్‌కి ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నకి ముక్క లేనిదే ముద్ద దిగదు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఇన్నాళ్లూ రూమ్‌లో వండుకోవడమే తప్ప నేను బయట తిన్నది తక్కువ. ఇండియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తే సేఫా? లేక ఇక్కడి తిండి ఏదైనా రుచి చూపించొచ్చా?

గిన్నెలు_తోమిన_అక్క:
ఇంత దూరం వచ్చిన వాళ్లకి బటర్ చికెన్ ఎందుకు తమ్ముడూ, ఖమ్మంలో దొరకదా?

చదువుకునే రోజుల్లో ఇక్కడొక రెస్టారెంట్‌లో కిచెన్ పోర్టర్‌గా చేశాను. అంటే గిన్నెలు తోమడం, ఉల్లిపాయలు వలవడం, చెఫ్ ఖాళీగా కనిపిస్తే మార్కెట్‌కి పరిగెత్తడం. ఈ ఊరి తిండి నాకు ఆ మార్కెట్‌లోనే అర్థమైంది. ముందు వాళ్లని ఇంగ్లిష్ మార్కెట్‌కి తీసుకెళ్లు. 1788 నాటిది. 1980లో అగ్నిప్రమాదంలో దెబ్బతింటే మళ్లీ నిలబెట్టుకున్నారు. 2011లో ఎలిజబెత్ రాణి వస్తే, మాంక్‌ఫిష్ చూపించి దాన్ని అత్తగారి చేప అంటామని ఆవిడకే చెప్పిన చేపల కొట్టు అందులోదే. ఆ చేప మొహం చూస్తే మీ అమ్మగారికి వివరించక్కర్లేదు.

పైన గ్యాలరీలో ఫార్మ్‌గేట్ కెఫే ఉంది, 1994 నుంచీ. కింద కొట్లలో అమ్మే సరుకే పైన వండుతారు. అక్కడ ట్రైప్ (పొట్ట మాంసం), డ్రిషీన్ (రక్తపు సాసేజ్) ఉందేమో అడుగు. ఒకప్పుడు ఈ రేవు నుంచి ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం, వెన్న ఓడలకెక్కి పోయేవి. పొట్టలు, రక్తం, పంది కాళ్లు ఊళ్లో పేదలకి మిగిలేవి. ఆ వంటలే ఇప్పుడు ఊరి గుర్తు. ట్రైప్‌ని ఉల్లిపాయలేసి పాలల్లో మెత్తగా ఉడికిస్తారు. ప్లేటంతా తెలుపే. డ్రిషీన్ రక్తంతో చేసేది, బూడిద కలిసిన గోధుమ రంగు, ఫోర్కు తగిలితే జున్నులా వణుకుతుంది. మిరియాల పొడి తప్ప కారం అన్న మాటే ఉండదు. మన బోటీ, నల్ల వేపుడు తిన్న నాలుకకి మొదటి ముద్ద చప్పగా ఉంటుంది. రెండో ముద్దకి పాలలోని తీపి తెలుస్తుంది.

అమ్మగారికైతే పారడీసో అనే శాకాహార రెస్టారెంట్. ల్యాంకాస్టర్ కీ (కీ అంటే నది గట్టు వీధి) మీద, మీ కాలేజీ నుంచి నడిచే దూరమే. డెనిస్ కాటర్ 1993లో పెట్టాడు. శాకాహారమంటే పక్కన పెట్టే సలాడ్ అనుకునే కాలంలో మాంసం లేని వంటకే జనం బుక్ చేసుకుని వచ్చేలా చేశాడు. కూరగాయలు చాలావరకు నొహోవల్ దగ్గర గోర్ట్ నా నేన్ అనే పొలం నుంచి తెప్పించుకునేవాడు. గుడ్డు వద్దని బుకింగ్‌లోనే రాయి.

బిషప్‌టౌన్_బాబాయ్:
అక్క చెప్పిందంతా బాగుంది కానీ పెద్దవాళ్ల ఆకలి సంగతి చూసుకో. మా నాన్నని ఇలాంటి ఖరీదైన చోటుకే (ఇక్కడ కాదులే, వేరే ఊళ్లో) తీసుకెళ్తే, ప్లేటు చూసి శాంపిలా అని అడిగారు. ఇంటికొచ్చి ఆవకాయన్నం తిన్నాకే మాట్లాడారు! మీ కాలేజీకి దగ్గరే, బ్యాండన్ రోడ్‌లో జాకీ లెనాక్స్ చిప్పర్‌కి (ఫిష్, చిప్స్ అమ్మే కొట్టు) తీసుకెళ్లు. 1951 నుంచీ ఉంది. ఫిష్, చిప్స్ పొట్లం కట్టిస్తారు, ఉప్పు, వెనిగర్ దండిగా వెయ్యమను. అమ్మగారు చిప్స్ తినాలంటే మాత్రం ఏ చిప్పర్‌లోనైనా సరే, దేంట్లో వేయిస్తారో ముందు అడుగు.

పాత_కాపు:
మా రోజుల్లో శాకాహారులకి సల్లివన్స్ కీ మీద కీ కో-ఆప్ అనే రెస్టారెంట్ ఉండేది, 1982లో మొదలైంది. మెట్లెక్కి పైకెళ్లి ట్రే పట్టుకుని మనమే వడ్డించుకోవాలి. ఆ లసాన్యా బరువుకి ట్రే వంగేది. దోసె మీద మనసు పోతే నది దాటి పోప్స్ కీలో అయ్యర్స్‌కి వెళ్లేవాళ్లం. చిన్న హాలు. అక్కడ సాంబారు వాసన తగలగానే సగం హోమ్‌సిక్ పోయేది, మిగతా సగం పెరిగేది.

ఖమ్మం_కుర్రాడు:
థాంక్స్ అందరికీ. అక్కా, ఆ ట్రైప్ మేకదా, గొర్రెదా?

గిన్నెలు_తోమిన_అక్క:
ఆవుది. డ్రిషీన్‌లోనూ ఆవు రక్తం ఉంటుంది, గొర్రెది కూడా కలుపుతారు. నాన్నగారు బీఫ్ తినకపోతే ఆ మాట కూర్చోకముందే చెప్పేయ్, తిన్నాక కాదు. అప్పుడు ఫార్మ్‌గేట్‌లోనే గొర్రె మాంసం స్ట్యూ అడుగు. క్యారెట్, బంగాళాదుంప, పల్చటి పులుసు. నాన్నగారు కారం అడుగుతారు, జేబులో ఒక పొట్లం పెట్టుకో, ఎవరూ ఏమనరు.

అమ్మగారికి టీ కావాలంటే బ్యారీస్ ఇప్పించు. 1901 నుంచీ ఈ ఊరి టీ, కాస్త ఎక్కువసేపు నాననిస్తే మన చాయ్‌కి సరిపడా చిక్కగా దిగుతుంది. ఆదివారం మార్కెట్ మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోకు. పారడీసోకి మాత్రం టేబుల్ ఇప్పుడే బుక్ చెయ్, కాన్వొకేషన్ వారంలో ఊరంతా అమ్మానాన్నలే ఉంటారు.